మీటరు జాగాలో తుకడా

నా జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువ కుళ్లుకున్నది ఒక జానెడు ఇనప ముక్కను చూసి. ఆ ముక్కను చేసిన మనిషిని చూసి అని రాయాలి నిజానికి. కాని ఆ మనిషిని తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ ముక్కే కళ్ల ముందుకొచ్చి కూర్చుంటుంది. ఎనభై దాటాయి నాకు. పళ్లన్నీ ఊడాయి, ఆ కుళ్లు మాత్రం పూర్తిగా ఊడలేదు.

అది రెండు కొసలా మరలు కోసి, ఎర్రరంగు పూసిన పైపు ముక్క. నీళ్ల మీటరు ఎంత పొడవుంటే అదీ అంతే. మీటరు చేతికి రాకముందే పైపులు వెయ్యాల్సి వస్తే, మీటరు ఉండాల్సిన చోట దీన్ని బిగించాలి. అప్పుడు అటు వీధి పైపు, ఇటు ఇంటి పైపు ఎదురెదురుగా ఒకే వరుసలో, సరిగ్గా మీటరు పట్టేంత ఎడంగా నిలబడతాయి. చుట్టూ గచ్చు వేసి గట్టిపరిచినా భయం లేదు. మీటరు వచ్చిన రోజు దీన్ని విప్పి దాన్ని పెడితే సరిపోతుంది. మేం దాన్ని తుకడా అనేవాళ్లం. చేసినవాడు మాత్రం ముక్క అనేవాడు. అతనిది బెజవాడ అవతల.

నేను నల్లా పనివాణ్ణి. మా ఉస్తాదు కొట్టు మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్లకు పోయే దారిలో ఉండేది. గోరింట పెట్టిన గడ్డం, చేతిలో ఎప్పుడూ మూరెడు పొడవు పానా. పైపును పట్టి తిప్పే ఆ పానా ఆయనకు ఆయన ఉస్తాదు ఇచ్చింది. మా పనిలో ఒక పద్ధతి ఉండేది. ఉస్తాదు ఇక చాలనుకున్న రోజు తన పానాను గ్యాసునూనెలో కడిగి, కొత్తగుడ్డలో చుట్టి, తన దగ్గర పనిచేసే ఒక్కడి చేతుల్లో పెడతాడు. ఆ రోజు నుంచి ఆ ఒక్కడే మేస్త్రీ. కొట్టు అతనిది, పిలుపులు అతనివి, మిగిలినవాళ్లు అతని వెనక నడవాలి.

పదకొండేళ్లు ఆయన వెనక పైపులు మోశాను. ఆ పానా నాదేనని నా నమ్మకం. నమ్మకం కూడా కాదు, పొద్దున సూర్యుడు వస్తాడని ఎవరైనా నమ్ముతారా, ఊరికే ఉంటారు గాని. నేనూ అలా ఊరికే ఉన్నాను.

అప్పుడు దిగాడు అతను, ఆ ముక్క చేసినవాడు. రైల్వే వర్క్‌షాపులో పని నేర్చినవాడు. ఇస్త్రీ మడత చెరగని ప్యాంటు, జేబులో పెన్సిలు, కొలతలన్నీ ఇంగ్లీషులో రాసుకునే చిన్న పుస్తకం. ఆదివారం వస్తే చర్చికి పోయేవాడు, పనికి రానని ముందే చెప్పి చేరాడు. శుక్రవారం ఉస్తాదు నమాజు కోసం కొట్టు మూస్తాడు కాబట్టి ఇతగాడికి వారానికి రెండు రోజులు విశ్రాంతి. అదొక మంట నాకు. ఆదివారాలు నేనొక్కణ్ణే పని చేసేవాణ్ణి.

అంతకంటే పెద్ద మంట ఇంకోటుంది. ఉస్తాదు అతన్ని ‘మీరు’ అనేవాడు. “మీరు జెర ఇటు చూడుండ్రి”, “మీరు కూసోండ్రి, చాయ్ తాగుండ్రి.” పదకొండేళ్లలో ఆ నోటి నుంచి నాకు వచ్చిన పిలుపు ఒక్కటే, “అరే నాలాయక్,” పనికిమాలినవాడా అని. పైపు అందించమన్నా నాలాయకే, అన్నం తినమన్నా నాలాయకే. అతనికి మాత్రం చేరి ఆర్నెల్లు కాకుండానే ఆ మర్యాద దక్కింది. మర్యాద ఉన్నచోటికే పానా పోతుందని నాకు తెలియదా?

నాకొక లోపం ఉంది, దాన్ని ఎవరికీ చెప్పలేదు. అంతకు నాలుగేళ్ల ముందు ఒక తొట్టిలో పని చేస్తుంటే ఎడమ కంట్లో సున్నం పడింది. కన్ను పోలేదు గాని చూపు మసకబారింది. ఒంటికంటికి దూరం, లోతు సరిగ్గా అందవు, రెండు పైపు కొసలు ఒకే వరుసలో ఉన్నాయో లేదో తేల్చడం కష్టం. దేవుడి దయ అనుకుని బిగించేవాణ్ణి. నేరేడ్‌మెట్‌లో వరసగా రెండిళ్లల్లో నేను పెట్టిన మీటర్లు కారాయి. పైపులు వంకరగా ఉంటే మీటరు ఇత్తడి మరలు తినుకుపోతాయి మరి. రెండో ఇంటి దగ్గర ఉస్తాదు నడివీధిలో నన్ను పట్టుకున్నాడు.

“కండ్లు యాడ పెట్టుకున్నవ్‌రా నాలాయక్? గిదేం బిగింపు? గీ చేతులకు అన్నం పెట్టిన నన్ను అనాలె. రేపటిసంది నువ్వు గడ్డపార పట్టు, పానా ముట్టినవంటె చెయ్యి ఇరగ్గొడ్త.”

అతను పక్కనే ఉన్నాడు. తల వంచుకుని, పుస్తకంలో ఏదో రాసుకుంటూ. నవ్వుకుంటున్నాడనే అనుకున్నాను.

వారం తిరక్కుండా తుకడా తెచ్చాడు. కొట్టులో నమూనాగా ఉన్న పాత మీటరును పక్కన పెట్టి, ఆ పొడవుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు. మరిచిపోయి లోపలే వదిలేయకుండా ఎర్రరంగు పూశాడట. “ఈ ముక్క పెట్టి బిగిస్తే కంటితో పని లేదండి, కొసలు వాటంతటవే వరసకొస్తాయి” అన్నాడు ఉస్తాదుతో.

కంటితో పని లేదు! ఆ మాట అంటూ నావైపు చూశాడు. నా లోపం కనిపెట్టి పదిమందిలో చాటడానికే ఈ ముక్క చేశాడని ఆ క్షణంలో తేల్చేసుకున్నాను. ఉస్తాదు ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, “క్యా బాత్ హై” అంటూ పసిపిల్లవాడిలా మురిసిపోయాడు.

నేరేడ్‌మెట్‌లోనే మూడో ఇంట్లో దాన్ని వాడారు. మర్నాడు తుకడా విప్పి మీటరు ఎక్కిస్తే చుక్క కారలేదు. కొత్త నల్లా తిప్పాక తుప్పునీళ్లు పోయి తెల్లనీళ్లు వచ్చినప్పుడు మొదటి దోసిలి ఎప్పుడూ ఉస్తాదు తాగి, రెండోది నాకు పట్టేవాడు. ఆ రోజు రెండో దోసిలి అతనికి పట్టాడు. నేను గడ్డపార మీద గడ్డం ఆనించి నిలబడి, ఆ నీళ్లు అతని గొంతు దిగడం చూశాను. ఆ చల్లదనం నాది. నా నీళ్లు తాగుతున్నాడు అనిపించింది.

తరవాత బొల్లారంలో ఒక పెద్ద బంగళా పని వచ్చింది. వీధి నుంచి కొత్త లైను, గేటు పక్కన మీటరు తొట్టి, లోపల పది నల్లాలు. ఉస్తాదు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

“నాకు మోకాళ్లు పాయె. గిదే నా ఆఖరి పని. బొల్లారంల మీటరెక్కి సుయ్యి తిరిగిన తర్వాత పానా ఎవరి చేతిల పెట్టాల్నో పెడ్త.”

సుయ్యి అంటే మీటరు ముల్లు. కాని ఆ మీటరే రాలేదు. అవి సంస్థానానికి బయటి నుంచి సరుకు రావడం ఆగిపోయిన రోజులు. మందులే రాకపోతే మీటర్లెవరు పంపుతారు? బంగళావాళ్లు నీళ్ల కోసం తొందరపడుతున్నారు. మీటరు జాగాలో తుకడా పెట్టి నీళ్లివ్వండి, మీటరు తరవాత చూద్దాం అన్నారు. అతను కొత్త తుకడా కోసి, రంగు వేసి, శనివారం సాయంత్రం నా సంచిలో పెట్టాడు. మర్నాడు ఆదివారం. తొట్టి కట్టించి, తుకడా బిగించి, పైపులకు గచ్చు వేయించే పని నాది. ఎందుకో ఉస్తాదు ఆ బిగింపుకు నన్ను మళ్లీ పానా పట్టనిచ్చాడు.

పొద్దున్నే కొట్టు తెరిచి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. ఎంత నున్నగా కోశాడు! అంత బాగా కోయడం నాకు ఈ జన్మలో రాదని నాకే తెలిసింది. అది తెలియడమే నా కొంప ముంచింది. దాన్ని బిగించి పట్టి, రంపంతో ఒక కొస నుంచి వేలి మందం కోసేశాను. మళ్లీ మరలు కోసే నా డైతో మరలు తిప్పి, కొత్త కొసకు ఎర్రరంగు పూశాను. బొల్లారం పోయి, ఆ పొట్టిముక్కను పెట్టి, రెండు పైపులనూ దానికి దగ్గరగా జరిపి బిగించి, చుట్టూ గచ్చు వేయించాను. నీళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. తుకడా పొట్టిదైనా నీళ్లకేం తెలుస్తుంది? తెలిసేది మీటరు వచ్చిన రోజే. అది ఆ సందులో పట్టదు. ఇంగ్లీషులో కొలతలు రాసుకునే పెద్దమనిషి పరువు ఉస్తాదు ముందే పోతుంది.

ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

అక్కడి నుంచి నాకు కొత్త బాధ మొదలైంది. ఊరంతా సైన్యం ఎప్పుడొస్తుందో, ఏమవుతుందో అని గుసగుసలాడుకుంటుంటే, నేను మీటరు ఎప్పుడొస్తుందో అని చూసేవాణ్ణి. ఒక పూట రావాలని, ఒక పూట రాకూడదని. రజాకార్లు, రేడియో, సరిహద్దులు, దేశమంతా మాట్లాడే సంగతులు నా చెవిన పడుతూనే ఉన్నాయి గాని, నా బుర్రలో మాత్రం వేలి మందం ఇనుమే తిరుగుతుండేది.

ఆ సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. నాలుగైదు రోజులు అంగళ్లన్నీ మూతపడ్డాయి, ఆకాశంలో విమానాల చప్పుడు. ఉస్తాదు ఇల్లు కదలడం లేదని తెలిసి, జొన్నల మూట భుజానేసుకుని సందుల్లోంచి వాళ్లింటికి పోయాను. పోయేసరికి అతగాడు ముందే బియ్యం దించి అరుగు మీద కూర్చున్నాడు. దాంట్లోనూ నన్ను మించాడు! ఉస్తాదు అతనితో అంటున్నాడు, “మీకు చాల తక్లీఫ్ ఇచ్చిన. మీ ఎహసాన్ మర్చిపోను.” నన్ను చూడగానే గొంతు మారింది.

“నిన్నెవడు రమ్మన్నడ్రా నాలాయక్? గీ దినాలల్ల తోవల ఎవడన్న పట్టుకుంటె మీ అమ్మకు నేనేం జవాబియ్యాలె? మూట ఆడ పడేసి లోపలికి రా. ముందుగాల నీళ్లు తాగు.”

అతనికి కృతజ్ఞతలు, నాకు తిట్లు. అతను నావైపు చాలాసేపు చూశాడు. జాలిపడుతున్నాడని ఇంకా మండింది.

రైళ్లు మళ్లీ మామూలుగా తిరగడం మొదలయ్యాక బొంబాయి నుంచి మీటరు వచ్చింది. బొల్లారం బంగళాలో అప్పటికి మిలిటరీ దొర ఒకాయన దిగాడు. ఆయన మనిషి ఒకడు తొట్టి దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. ఉస్తాదు గేటు పక్కన బండమీద కూర్చున్నాడు. గడ్డానికి ఆ నెలంతా గోరింట పెట్టలేదు, తెల్లగా ఉంది. అతను తొట్టిలోకి దిగి తుకడా విప్పి, మీటరు అందుకుని సందులో పెట్టబోయాడు.

పట్టలేదు.

ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. మీటరును, తుకడాను పక్కపక్కన పెట్టి చూశాడు. వేలి మందం తేడా. తుకడా కొస మీద బొటనవేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. నా డైలో ఒక పన్ను విరిగి ఉంది. దాంతో కోసిన ప్రతి మర మీదా సన్నటి గీత పడుతుంది. కొట్టులో ఉన్న అందరికీ తెలుసది. అతను తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపుకు నిలబడలేక తొట్టి గోడ చూడసాగాను.

అతను తుకడాను జేబులో వేసుకున్నాడు. “తప్పు నాదేనండి. కొలత తప్పు తీశాను. మొత్తం పని చెడగొట్టాను” అన్నాడు ఉస్తాదు వైపు తిరిగి. గట్టిగానే అన్నాడు.

దొర మనిషి అరవడం మొదలుపెట్టాడు. నేను ఉస్తాదు నోరు చూస్తున్నాను. ఇప్పుడు పడతాయి, ఆ ఇస్త్రీ చొక్కా మీద పడతాయి అనుకున్నాను. ఉస్తాదు మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచాడు.

“పర్వా లేదు. పనిల గిట్ల అయితది. మీరు పరేషాన్ గాకుండ్రి. గచ్చు పగలగొట్టి మళ్ల పెడుదాం” అన్నాడు. అంతే.

అంతే! నేను చేసుంటే నా తల పగిలేది. నేనే చేశాను, అది వేరే సంగతి. అతని ముఖం ఎందుకో వాడిపోయింది. పరువు పోయినందుకేనని అనుకున్నాను. గచ్చు పగలగొట్టింది ఇద్దరం కలిసే. మళ్లీ పైపులు జరిపి, మీటరు ఎక్కించి, నల్లా తిప్పితే సుయ్యి తిరిగింది. మొదటి దోసిలి ఉస్తాదు తాగాడు. రెండో దోసిలి ఎవరికీ పట్టలేదు.

శుక్రవారం నమాజు నుంచి వచ్చాక ఉస్తాదు మా ఇద్దర్నీ కొట్టుకు పిలిపించాడు. పానా కడిగి, తెల్లగుడ్డలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. “చెయ్యి వట్టు” అన్నాడు. ఎవరితో అంటున్నాడో నాకు అర్థం కాలేదు. “నిన్నేరా నాలాయక్, చెయ్యి వట్టు” అన్నాడు మళ్లీ. పట్టాను. ఆ బరువు చేతుల్లోకి దిగింది.

“ఇది నీదే అని పదేండ్ల కిందనే అనుకున్న. నీ ఎడమ కన్ను ఒక్కటే నాకు ఫికర్ ఉండె. నాకు ఎరుక లేదనుకుంటివా? మేస్త్రీ బిగించిన మీటరు కారితే కొట్టు మూసుకునుడే. ఈయన తుకడా జేసి తెచ్చిన దినం నా ఫికర్ పాయె. తుకడా ఉంటె నీ కన్నెట్లున్నా పనైతది. ఇగ నిన్ను ఎవడూ ఆపలేడు.”

నా చేతికి పానా తెచ్చిపెట్టింది ఆ ముక్క. దాన్ని నా చేత్తో నేనే కోశాను.

బయటికొచ్చాక అతను నాకంటే రెండడుగులు ముందు నడుస్తున్నాడు. రైలు పట్టాల దాకా పోయాం. గేటు వేసి ఉంటే ఆగాం. అప్పుడు చెప్పేశాను.

“గా తుకడా కోసింది నేనే.”

“తెలుసండి. మీ డై గీత ఉంది కదా.”

“మరి ఉస్తాద్‌కు ఎందుకు చెప్పలే? నీ మీదెందుకు ఏసుకున్నవ్? పుణ్యం కావాల్నా?”

గూడ్సు బండి పోతోంది. అది పోయాక అతను నావైపు తిరిగాడు. నేను అంతకుముందు అతని ముఖంలో ఎప్పుడూ చూడనిది అప్పుడు చూశాను. అది నేను రోజూ అద్దంలో చూసుకునేదే.

“పుణ్యం కాదండి. మిమ్మల్ని చూస్తే నాకెంత కుళ్లో మీకు తెలీదు. రెండేళ్ల నుంచి చేస్తున్నాను. ఒక్కరోజు నన్ను తిట్టలేదాయన. మీరు కూర్చోండి, మీరు తాగండి. ఇంటికొచ్చిన చుట్టాన్ని కదా నేను. మిమ్మల్ని తిట్టి, మంచినీళ్లిచ్చి, లోపలికి రమ్మంటారు. నన్ను అరుగు మీదే కూర్చోబెట్టారు. ఆ రోజు బియ్యం నేనే ముందు తెచ్చాను, చూశారుగా.”

గేటు లేచింది. మేం కదల్లేదు.

“అంత పెద్ద తప్పు నాదేనంటే ఒక్కసారైనా తిడతారేమో అనుకున్నానండి. మీరు పరేషాన్ గాకుండ్రి అన్నారు” అని ముఖం తిప్పుకున్నాడు.

నా చేతిలో పానా ఉంది. క్షమించమనడం నాకు చేతకాదు, ఇప్పటికీ చేతకాదు. అతను జేబులోంచి పొట్టి తుకడా తీసి నా చేతిలో పెట్టి, రేపు పొద్దున వస్తానని వెళ్లిపోయాడు.

వచ్చాడు. ఎప్పటిలా ఇస్త్రీ చొక్కాతో, పెన్సిలుతో. నన్ను “మేస్త్రీగారూ” అన్నాడు. ఒక ముసలమ్మ ఇంట్లో చిన్న పని. ఉస్తాదు కూడా అలవాటు మానలేక వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు. అతను పైపు కొసకు జనపనార చుడుతున్నాడు. ఎప్పటిలాగే కొలిచినట్టుగా, ఒక్క పోగు ఎక్కువ కాకుండా చుడుతున్నాడు. తప్పు పట్టడానికి గోరంత సందు లేదు. నేను పానా భుజాన వేసుకుని వెళ్లి అతని పక్కన నిలబడ్డాను.

“అరే నాలాయక్” అన్నాను. నా గొంతు నాకే ఉస్తాదు గొంతులా వినిపించింది. “ఏందిరా గా చుట్టుడు? నిన్ను కన్నోళ్లు గిట్లనే చుట్టమన్నరా? రైల్వేల గిదే నేర్పిన్రా? ముందుగాల లేచి లోపలికి పో. అమ్మ చాయ్ పెట్టింది, తాగి రా.”

ఉస్తాదు తలెత్తి చూశాడు. ఏమీ అర్థం కాలేదు ఆయనకు. అతను మాత్రం నార అలాగే పైపు మీద వదిలేసి, ఇస్త్రీ చొక్కాకు చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయాడు.